వీరభద్రం మాస్టారి లాడ్జి

వీరభద్రం మాస్టారి ఇల్లు లాడ్జి అయిందన్న సంగతి నందిలంక పట్టణంలో అందరికన్నా ఆఖరున తెలిసింది వీరభద్రం మాస్టారికే.

ఓ మధ్యాహ్నం గేటు చప్పుడైతే బయటికి వచ్చి చూశాడు. ఓ మనిషి, చేతిలో సూట్‌కేసు, చంకలో రొయ్యల మేత మూట. చెప్పులు మెట్టు కింద విడిచి, మెడ మీది చెమట తుడుచుకుంటూ, చుట్టం చూపుగా వచ్చినవాడిలా నవ్వాడు.

“సింగిల్ రూము ఉంటాదాండీ?”

“ఎక్కడ?”

“ఇక్కడేనండి. ఏసీ లేపోయినా పర్లేదండి. ఆయ్.”

వీరభద్రం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ బడికి విజిలు కొనాల్సిన అవసరం రాలేదు.

“కళ్ళు కనబడట్లేదా? ఇది ఇల్లులా లేదా నీకు?” అని ఒక్క అరుపు అరిచాడు. ఎదురింటి గోడ మీది పిల్లి దిగి వెళ్ళిపోయింది.

ఆ మనిషి మాత్రం బెదరలేదు. ఇంటిని కిందనుంచి పైదాకా చూశాడు. ఫోను తీసి చూశాడు. మళ్ళీ ఇంటిని చూశాడు. అప్పుడు ఫోను ఆయన ముందు పెట్టాడు. మ్యాపులో సరిగ్గా ఆయన ఇంటి మీద మంచం బొమ్మ ఉంది. పక్కనే “లాడ్జి” అని రాసి ఉంది. కింద జనం అభిప్రాయాలు: “గది చూపించలేదు. ఓనరు తిట్టాడు. కుళాయి నీళ్ళు మాత్రం తియ్యగా ఉన్నాయి.” మరొకటి: “ఓనరు తిట్లు బాగున్నాయి. మళ్ళీ వస్తాం.”

ఆ వారంలో ఇద్దరు ముగ్గురు వచ్చి గది అడిగితే, అద్దెకు అడుగుతున్నారనుకుని తరిమేసిన మాట నిజం. వాళ్ళు పోతూ పోతూ కుళాయి దగ్గర నీళ్ళు తాగిన మాటా నిజమే.

“పేరు ఏసుపాదం అండి. మేత కంపెనీ. పెళ్ళిళ్ళ రోజులు కదండీ, ఊళ్ళో ఇంకెక్కడా ఖాళీల్లేవండి,” అన్నాడు ఆ మనిషి, తప్పు అందరిదీ అన్నట్టు.

వీరభద్రం వినిపించుకోలేదు. చొక్కా తొడుక్కుని, గేటు తీసి, రోడ్డెక్కాడు. ఈ పని ఎవరిదో ఆయనకి అనుమానమే లేదు. ఆయన కన్న కూతురిది.

*

నీలిమ పనిచేసే ప్రయోగశాల బేకరీ మీది అంతస్తులో ఉంది. అక్కడ ఏం కనిపెట్టినా ఎగ్‌పఫ్ వాసనతోనే బయటికి వస్తుంది. ఈమధ్య వచ్చినది ‘ఆనవాలు’.

మామూలు ఫోన్లు రాత్రి ఎక్కడ పడుకుంటే అది ఇల్లంటాయి, పగలు ఎక్కడ ఉంటే అది ఆఫీసంటాయి. నందిలంక చుట్టుపక్కల ఆ లెక్క కుదరలేదు. రొయ్యల చెరువుల కావలివాళ్ళందరికీ చెరువుగట్టు ఇల్లయి కూర్చుంది. పెళ్ళాం బిడ్డలున్న చోటు “అప్పుడప్పుడు వెళ్ళే ప్రదేశం” అయింది. ఆ ముక్క చదివిన ఒకావిడ మొగుడి ఫోనుని ఆ చెరువులోకే విసిరేసింది.

నీలిమ కనిపెట్టిన ఆనవాలు మనిషి ఎక్కడున్నాడని అడగదు. అక్కడ ఎలా ఉన్నాడో వింటుంది. గొంతు, అడుగు, ఊపిరి. దండం పెడుతూనే చెప్పులున్నాయో లేదో వెనక్కి తిరిగి చూసుకునే చోటు గుడి. పలకరించినవాళ్ళందరికీ “భోంచేశారా?” అనే చోటు కల్యాణమండపం. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. మునిసిపాలిటీ వాళ్ళు మురిసిపోయి, ఇకమీదట ఊళ్ళో ఏది ఇల్లో ఏది వ్యాపారమో తేల్చే పని ఆనవాలుకే అప్పజెప్పారు. ఈ శుక్రవారం సాయంత్రం ఉన్న పేరే ఖాయం. లైసెన్సు లేకుండా లాడ్జి నడిపితే గేటుకి సీలు.

“తియ్యి,” అన్నాడు వీరభద్రం, గుమ్మంలో నిలబడే.

“ఏంటి నాన్నా తీసేది?”

“నా ఇంటి మీది మంచం.”

“చేత్తో తీస్తే పోయేది కాదు నాన్నా. తీస్తే ఊళ్ళో అందరూ తీయమంటారు. ప్లీడరు గారింటికి కోర్టని వచ్చింది. ఆయన రోజూ వచ్చి వాదిస్తున్నాడు.”

“లాడ్జిలో ఏముంది, నా ఇంట్లో ఏముంది? ఏం చూసి అంది?”

నీలిమ కంప్యూటరు వైపే చూస్తూ చెప్పింది. “పార్సిలు తెచ్చుకుంటావు. ముందుగదిలో తింటావు. వంటగదికి తాళం. ఎవరితోనూ మాట్లాడవు. పొద్దున్నే తలుపేసి పోతావు. నువ్వే చెప్పు, లాడ్జిలో ఏం చేస్తారు?”

“ఉన్నది నేనొక్కణ్ణి. గోడతో మాట్లాడనా?”

ఆ మాటకి మూలన కూర్చున్న డాక్టర్ విశ్వేశం కుర్చీలోంచి లేచాడు. ప్రయోగశాల పెద్ద ఆయనే. ఎదుటివాడి కష్టంలో తన సిద్ధాంతం కనిపిస్తే ఆయన సంతోషం ఆపుకోలేడు.

“అసలు సంగతి అదేనండి మాస్టారూ! ఇల్లంటే ఏమిటో మేం దానికి చెప్పలేదండి. అదే తెలుసుకుంది. మంచాలు తీసిపారేసింది, పొయ్యిలు తీసిపారేసింది. చివరికి ఒక్కటి ఉంచుకుంది. కనబడని మనిషిని కేకేస్తే జవాబొచ్చే చోటు. టవలెక్కడ, కళ్ళజోడెక్కడ, తాళాలెక్కడ. అదండి ఇల్లు!”

వీరభద్రం భార్య సీతారత్నం పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి ఆయన స్నానానికి వెళ్తూ టవలు మరిచిపోవడం మానేశాడు.

“కేకలే కదా కావాలి?” అన్నాడు ఆఖరికి. “వేస్తాను.”

*

ఇంటికి వచ్చేసరికి ఏసుపాదం వరండా బల్ల మీద సంచి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. వీరభద్రం అతన్ని దాటి లోపలికి వెళ్ళి, ఫోను బల్ల మీద పెట్టి, పెరటి వైపు తిరిగి, ఊపిరి పీల్చుకుని అరిచాడు.

“టవలెక్కడా?”

ఏసుపాదం బల్ల మీంచి కిందపడ్డాడు. ఫోను మీద పేరు మారలేదు.

“కళ్ళజోడెక్కడా? తాళాలెక్కడా?”

సాయంత్రం దాకా అరిచాడు. ఎదురింటావిడ నిమ్మకాయ తెచ్చి గేటు మీద పెట్టి వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకి ఫోను గంట కొట్టింది. మ్యాపులో మంచం పోయింది. దాని బదులు బస్సు బొమ్మ వచ్చింది. కింద “బస్టాండు” అని రాసి ఉంది.

ఏసుపాదం ఫోను చూసి తల ఊపాడు. “నిజమేనండి. అక్కడ కూడా ఎంత అరిచినా ఎవడూ పలకడండి.”

వీరభద్రం అతన్ని తేరిపార చూశాడు. మొదటిసారిగా ఆ మనిషి ఎందుకైనా పనికొస్తాడేమోనన్న ఆలోచన వచ్చింది.

“నువ్వుండు,” అన్నాడు. “గది లేదు, వరండాలో పడుకో. నేను కేకేస్తే పెరట్లోంచి పలుకు.”

“అంతేనాండీ? తవరు భోజనం కూడా పెట్టేత్తే...”

“పలుకు అన్నాను. మాట్లాడు అనలేదు.”

మర్నాడు పొద్దున్న మొదలెట్టారు. వీరభద్రం ముందుగదిలోంచి “టవలెక్కడా?” అంటాడు. ఏసుపాదం పెరట్లోంచి “తెత్తన్నానండీ బాబూ! ఒక్క నిమిషవండీ!” అంటాడు. మేత అమ్ముకునే మనిషి. ఆ గొంతులో వినయం చెరువు రైతులందరూ అలవాటు చేసినది. మధ్యాహ్నానికి ఫోను గంట కొట్టింది. ఈసారి ప్లేటూ చెంచా బొమ్మ. “హోటలు” అని రాసి ఉంది. సాయంత్రం ఒక కుటుంబం వచ్చి, కుర్చీలు తుడిచి కూర్చుని, పెసరట్టు ఉందా అని అడిగింది.

వీరభద్రం నీలిమకి ఫోను చేశాడు. ఆమె నవ్వు ఆపుకుని చెప్పింది.

“నాన్నా, అతను మర్యాదగా పలుకుతున్నాడు. ఇంట్లో ఎవరు మర్యాదగా పలుకుతారు? విసుక్కోవాలి.”

వీరభద్రం పెరట్లోకి వెళ్ళాడు. “ఒరేయ్, నన్ను తిట్టు.”

ఏసుపాదం రెండడుగులు వెనక్కి వేశాడు. “బాబ్బాబు, అంత మాటనకండి. పెద్దోరు.”

“విసుక్కో. చాలు.”

ఏసుపాదం కళ్ళు మూసుకున్నాడు. పళ్ళు బిగించాడు. మొహమంతా ఎర్రబడింది. “ఏంటండీ మేష్టారూ... తవరు... మరీనండి!” అన్నాడు. అని, వెంటనే వంగి ఆయన కాళ్ళు ముట్టుకున్నాడు. ఫోను పట్టించుకోలేదు.

ఆ మర్నాడు నీలిమే వచ్చింది. ఆఫీసుకి సెలవు పెట్టింది. పెరట్లో బావి గట్టు మీద కూర్చుని, తండ్రి కేక వేసినప్పుడల్లా పలికింది. “తెస్తున్నా నాన్నా... నువ్వు కూర్చో నాన్నా... నేను చూస్తాలే, నువ్వు కంగారు పడకు.” ఎంత మెత్తగా పలికిందంటే విన్న ఏసుపాదానికే కళ్ళు తడయ్యాయి.

సాయంత్రం వచ్చిన బొమ్మ ఎర్ర ప్లస్సు గుర్తు. “ఆసుపత్రి.”

వీరభద్రం ఆ మాట చదివాడు. ఈసారి ఆయనకి కోపం కూడా రాలేదు. కూతురి గొంతులో ఏముందో యంత్రం పట్టుకుంది. తనకీ వినిపించింది, ఒప్పుకోలేదంతే.

“నీ ఇంటికేం పేరొచ్చింది?” అని అడిగాడు.

నీలిమ భర్త ఓడలో ఉద్యోగి. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ మీదే ఉంటాడు.

“వెయిటింగ్ హాలు,” అంది నీలిమ. చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

*

శుక్రవారం పొద్దున్నకి మ్యాపులో మళ్ళీ మంచం బొమ్మే ఉంది. విశ్వేశం కబురు పెట్టాడు, ఉపాయం దొరికిందని. వీరభద్రం బేకరీ మెట్లెక్కేసరికి నీలిమ మొహం ముడుచుకుని ఉంది.

“వద్దని చెప్పాను సార్,” అంటోంది.

“ఆయన్ని విననివ్వమ్మా,” అని విశ్వేశం మీట నొక్కాడు.

ముందు కుక్కరు విజిలు వినబడింది. తర్వాత దగ్గు. గోడలవతల ఎక్కడో మగగొంతు: “టవలెక్కడే?” దాని వెనకే, చెవి పక్కనే ఉన్నట్టు సీతారత్నం గొంతు: “నా నెత్తి మీదుంది, వచ్చి తీసుకోండి!” ఆ మాట ఆగీ ఆగకముందే పీట జరిగిన చప్పుడు. గొణుగుతూ నడిచిపోతున్న మట్టెల చప్పుడు.

వచ్చి తీసుకోండి అంటుంది. లేచి ఇస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా అంతే. టవలు ఇస్తున్న చెయ్యి చూడటమే తప్ప, ఆ గొణుగుడు ఆయన ఎప్పుడూ వినలేదు. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు కదా.

“ఆపు,” అన్నాడు.

విశ్వేశం ఆపాడు గాని సంతోషం ఆపుకోలేకపోయాడు. “ఆనవాలుకి మొట్టమొదట ఇల్లంటే ఏమిటో నేర్పింది మీ ఇల్లేనండి! అమ్మాయి మీ వంటగదిలో మైకు పెట్టింది. ఊళ్ళో ఇళ్ళన్నిటినీ అది మీ ఆవిడ గొంతుతోనే పోల్చి చూస్తోందండి. అంచేత ఏం లేదు, వంటగదిలో చిన్న స్పీకరు పెడదాం. మీరు కేకెయ్యండి, ఆవిడ పలుకుతుంది. సాయంత్రానికి మీ ఇల్లు మళ్ళీ ఇల్లయిపోతుంది.”

“బతికున్నన్నాళ్ళూ చాకిరీ చేసింది,” అన్నాడు వీరభద్రం. “పోయాక కూడా డ్యూటీ వేస్తావా?”

“అది కాదండి, సీలు...”

“వేసుకోనియ్యి.”

మెట్లు దిగిపోయాడు. నీలిమ వెనకాలే పరిగెత్తింది. దారంతా ఆయన ముందు, ఆమె వెనక. ఇంటి గేటు దాటాక గాని ఆయన నోరు తెరవలేదు.

“మీ అమ్మని డబ్బాలో పెట్టావు. దానికి తెలుసా?”

“తెలుసు. మైకు ఎక్కడ పెట్టాలో చూపించింది అమ్మే. పోపులడబ్బా వెనకాల. నీకు చెప్పొద్దంది. చెబితే జెండావందనంలో మాట్లాడినట్టు మాట్లాడతావంది.”

“నాకు చెప్పలేదు.”

“వంటగదికి తాళం వేస్తున్నానని నువ్వు నాకు చెప్పావా? నేనొచ్చి అమ్మ గిన్నె ఒక్కటి ముట్టుకుంటానంటే ముందుగదిలో కూర్చోబెట్టి టీ పార్సిలు తెప్పించావు. చుట్టాన్నా నేను?”

“నా ఇల్లు, నా ఇష్టం.”

“ఇల్లంట! ఊరంతా మంచం బొమ్మ చూసింది.”

“నీ మిషను దరిద్రం.”

“నా మిషను ఒక్కటీ తప్పు చెప్పలేదు నాన్నా! నీకు నచ్చలేదంతే. తాళంచెవి ఏదీ?”

“లేదు.”

“ఎక్కడుంది?”

“కాలవలో పారేశాను.”

నీలిమ పెరట్లోకి వెళ్ళి రుబ్బురోలులోని పొత్రం రెండు చేతుల్తో ఎత్తుకొచ్చింది. వరండాలో తల తుడుచుకుంటున్న ఏసుపాదం “అమ్మగారూ, నేనందుకుంటానండి,” అని లేచాడు. ఆమె మొహం చూసి మళ్ళీ కూర్చున్నాడు. మూడో దెబ్బకి తాళం ఊడింది. ఏడాది నాటి దుమ్ము ఒక్కసారిగా బయటికి వచ్చింది.

లోపల నీలిమ దగ్గుతోంది. దగ్గుతూ తిడుతోంది. ఉప్పు నీరైపోయిందంటోంది, చింతపండు రాయైపోయిందంటోంది, మూకుడుకి పట్టిన తుప్పు చూడు, మనిషన్నవాడు ఇలా చేస్తాడా అంటోంది. గిన్నెలు కుళాయి కింద పడుతున్నాయి.

వీరభద్రం ముందుగదిలో నిలబడ్డాడు. లోపలికి వెళ్ళలేడు, బయటికి పోలేడు. కోపం వచ్చినా దిగులు వచ్చినా ఆయన చేసేది ఒకటే. వెళ్ళి స్నానం చేశాడు. తల మీద చెంబు తర్వాత చెంబు కుమ్మరించుకున్నాడు. మొహం మీదినుంచి ఏ నీళ్ళు కారుతున్నాయో తనకే తెలియనంతసేపు పోసుకున్నాడు.

తర్వాత కళ్ళు మూసుకుని మేకు వైపు చెయ్యి చాపాడు. మేకుకి ఏమీ లేదు.

ఏడాదిగా అక్కడ టవలు లేని రోజు లేదు. చన్నీళ్ళు, కళ్ళలో సబ్బు. ఆలోచన రాకముందే నోరు తెరుచుకుంది.

“టవలెక్కడే?”

వంటగదిలో గిన్నె ఒకటి ఠంగుమంది.

“నా నెత్తి మీదుంది, వచ్చి తీసుకో!”

కుళాయి ఆగిపోయింది. తలుపుకి ఇవతల ఆయన, అవతల ఆమె, ఇద్దరూ కదల్లేదు. ముందుగది బల్ల మీద ఆయన ఫోను గంట కొట్టింది. దాని పక్కనే నీలిమ చేతిసంచీలో ఇంకో గంట మోగింది. చూడ్డానికి ఎవరూ వెళ్ళలేదు.

వరండాలో ఏసుపాదం మాత్రం తన ఫోనులో మ్యాపు చూశాడు.

“మేష్టారూ! ఘోరం జరిగిపోయిందండీ! లాడ్జి మాయమైపోయిందండి! ఇల్లని వత్తందండి! అమ్మగారి ఫోన్లో కూడా ఇక్కడికే ఇల్లని వచ్చుంటాదండి. మరి నేనెక్కడికెల్లాలండీ?”

“ఎక్కడికీ పోనక్కర్లేదు,” స్నానాలగదిలోంచి వచ్చింది డ్రిల్లు మాస్టారి గొంతు. “ముందు నా టవలేదో చూడు.”

“ఏ టవలండీ?”

వంటగది గుమ్మంలోకి నీలిమ వచ్చింది. ఏసుపాదం భుజం వైపు చూసింది.

“అదేంటయ్యా?”

ఏసుపాదం భుజం మీదినుంచి తీసి, రెండు వైపులా తిప్పి చూశాడు. మొహం పాలిపోయింది.

“ఇది లాడ్జి వాళ్ళదనుకున్నానండీ!”

నీలిమ దాన్ని లాక్కుంది. సగం తడిసిన టవలు, కొత్తవాడి తలనూనె వాసన, ఈ ఇంట్లో మనుషులకి బుద్ధి ఎప్పుడొస్తుందో. గొణుగుతూ నడిచి వస్తున్న ఆ అడుగుల చప్పుడు ఈసారి నీళ్ళు ఆగి ఉండటంతో మొత్తం వినబడింది. వీరభద్రం తలుపు కొంచెం తెరిచి చెయ్యి బయటికి చాపాడు.